పాట ప్రజలది, పేరు ఎవరిది?

‘ప్రజల పాటకు హక్కులేమిటి?’ అన్న మాట మన సభల్లో తరచు వినబడుతుంది. వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది. పాటను సరుకుగా చూడడానికి అభ్యుదయ రచయిత ఏనాడూ ఒప్పుకోలేదు. అయితే ఈ మాట ఎవరి నోట, ఎవరి ప్రయోజనం కోసం వస్తున్నదో చూడకపోతే అది దోపిడీకి ముసుగుగా మారుతుంది.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘బండెనక బండి’ పాట ఎవరిదని అడిగాను. కొందరు ‘సినిమా పాట సార్’ అన్నారు. ఎక్కువమంది గద్దర్ పేరు చెప్పారు. బండి యాదగిరి పేరు ఒక్కరి నోటా రాలేదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. తెలంగాణ సాయుధ పోరాట (1946-51) కాలంలో నిజాం నవాబును ఎదిరిస్తూ పుట్టిన ఆ పాట, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ‘మా భూమి’ ద్వారా గద్దర్ గొంతులో తెలుగు నేలంతా మారుమోగింది. ఆ పాటకు గద్దర్ పోసిన ఊపిరి తక్కువదేమీ కాదు. కాని పాడిన గొంతు వేరు, పాట కట్టిన మనిషి వేరు. ఒకరి శ్రమను గౌరవించడానికి మరొకరి శ్రమను మరిచిపోవలసిన అవసరం లేదు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒకటి సొత్తు, రెండోది కర్తృత్వం. యాదగిరి గాని, సుద్దాల హనుమంతు గాని తమ పాటల మీద సొమ్ము ఆశించలేదు. ఉద్యమానికి ఇచ్చివేశారు. ఇచ్చినది పాటను, పేరును కాదు. శ్రామికుణ్ణి అతడు చేసిన వస్తువు నుంచి వేరుచేయడం పెట్టుబడిదారీ విధానం లక్షణమని మనమే కదా చెబుతున్నాం! కవి పేరు చెరిపి పాటను వాడుకోవడం కూడా ఆ కోవలోనిదే.

విచిత్రమేమిటంటే, మనం ‘ఆస్తి చట్టం’ అని పక్కనపెట్టిన కాపీరైటు చట్టం ఈ తేడాను గుర్తించింది. 1957లో వచ్చిన ఆ చట్టం 57వ సెక్షను ప్రకారం, రచయిత హక్కులన్నీ అమ్ముకున్నా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు అతనికి మిగిలే ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల ‘ఆప్‌కా బంటీ’ని సినిమాగా తీసినప్పుడు జరిగిన మార్పుల మీద కోర్టుకు వెళ్ళింది. హక్కులు కొన్నంత మాత్రాన నవలను వికృతం చేసే అధికారం నిర్మాతకు రాదని 1986లో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. 2012 సవరణ తర్వాత రచయిత మరణించినా అతని వారసులు కర్తృత్వాన్ని ప్రకటించుకోవచ్చు. పాడినవారికి కూడా తమ పేరు చెప్పించుకునే హక్కు ఆ సవరణతోనే వచ్చింది.

చట్టం ఎప్పుడూ కవి పక్షాన ఉన్నదనుకుంటే పొరపాటు. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు నిర్మాతే తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సినిమా హాలు బయట పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయిత తన సమాన వాటాను వదులుకోరాదన్న రక్షణ కోసం 35 ఏళ్ళు, అంటే 2012 సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

జానపద గేయాల పరిస్థితి మరీ అన్యాయం. కర్త తెలియని మౌఖిక సాహిత్యానికి ఈ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. పల్లెలో పాట అందరిదీ. అది స్టూడియోలో రికార్డు కాగానే ఆ రికార్డు ఒక కంపెనీ సొత్తవుతుంది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ మీద రేగిన వివాదం గుర్తుండే ఉంటుంది. ఆ పాటను సేకరించింది తానేనని ఒక గాయని ముందుకు వచ్చింది. ఆ తగాదాలో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. అది మన ముందుంచిన ప్రశ్నే ముఖ్యం: పాటను తరతరాలుగా మోసిన వారికి, వెతికి తెచ్చిన వారికి, కొత్త చరణాలు కట్టిన వారికి, పాడిన వారికి వేరువేరుగా గుర్తింపు ఇచ్చే అలవాటు మనకున్నదా?

మౌఖిక గేయం నోటినోటికీ మారుతుంది, కనుక కర్తను పట్టుకోలేమని కొందరు విమర్శకులు అంటారు. కర్త నిజంగా తెలియనప్పుడు ఆ మాట ఒప్పుకోవలసిందే. తెలిసిన కర్తను కూడా ‘జానపదం’ అనే ముద్ర కింద పూడ్చిపెట్టడానికి దాన్ని వాడుకోవడం మాత్రం విమర్శ కాదు, బద్ధకం. పాట మారితే, ఏ పాదం ఎవరు మార్చారో రాసిపెట్టడమే పరిశోధకుని పని.

ఇక ఆత్మవిమర్శ. మనం వేసిన సంకలనాల్లో అడగకుండా చేర్చిన కవితలెన్ని? ‘ఉద్యమ గేయం’ అని మాత్రమే అచ్చువేసి కవి పేరు వదిలేసినవెన్ని? అజ్ఞాతంలో ఉన్న కవి పేరు దాచడం ఆనాటి అవసరం. ప్రమాదం తొలగిన తర్వాత కూడా దాచడం మన అలసత్వం. సినిమా నిర్మాతను నిలదీసే నైతిక బలం మనకు కావాలంటే ముందు మన పుస్తకాలు సరిచేసుకోవాలి.

కొత్త రచయితలకు ఒక మాట. చేతిఖర్చుకు సరిపోని మొత్తానికి ‘సర్వహక్కులు’ రాసి ఇవ్వకండి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఆ బదిలీ పరిమితమని 19వ సెక్షను చెబుతున్నది. ఇది తెలియక నష్టపోయేది ఎప్పుడూ పేద రచయితే.

పాట ప్రజలదే, ఆ విషయంలో రాజీ లేదు. అయితే ఆ ప్రజల్లో బండి యాదగిరి కూడా ఒకడు. రేపు మన సభలో ఆ పాట ఎత్తుకునే ముందు ఆయన పేరు చెప్పడం నుంచే ఈ పని మొదలుపెడదాం.