కోల్ పోర్టరు గీతములు: పీటర్సను వాద్యత్రయము

అమెరికా నాటకరంగమునకు గీతములు కూర్చిన కెర్ను, గెర్ష్విను మున్నగువారు ప్రధానముగా స్వరరచన చేసి పదరచన నితరులకు విడిచిరి. కోల్ పోర్టరు (1891–1964) అట్లుగాక రెంటిని దానే నిర్వహించెను. సంగీతశాస్త్ర పరిభాషలో నతఁడు వాగ్గేయకారుఁడు. అట్టివాని రచననుండి వాక్కును దొలఁగించి గేయమును మాత్రమే వినిపించినచో మిగులునది యేమి? జాజ్ సంగీతమునఁ బ్రసిద్ధుఁడగు పియానో విద్వాంసుఁడు ఆస్కార్ పీటర్సను (1925–2007) ధ్వనిముద్రికలు ఈ ప్రశ్నను విచారించుటకుఁ దగిన యాధారములు.

కెనడాలోని మాంట్రియలునం బుట్టిన పీటర్సను, నిర్మాత నార్మన్ గ్రాంజ్ పూనికచే పోర్టరు గీతసంపుటమును రెండుమాఱులు ముద్రికల కెక్కించెను. 1950 దశాబ్దపుఁ దొలియేండ్లలోని ముద్రికయందు రే బ్రౌను మంద్రస్థాయి తంత్రీవాద్యమగు బాసును, బార్నీ కెసెలు గిటారును వాయించిరి; తాళవాద్యము లేదు. 1959లోని రెండవదానియందు బ్రౌను యథాస్థానమున నుండఁగా, గిటారునకు మాఱుగా ఎడ్ థిగ్‌పెను డ్రమ్ములు చేరినవి. ఈ మార్పు స్వల్పము గాదు. ఏకకాలమునఁ బలుకు స్వరసమూహములను గార్డు లందురు. గిటారున్నప్పు డా కార్డుల భారమును రెండు వాద్యములు పంచుకొనుచుండెను. అది తొలఁగఁగా భారమంతయుఁ బియానోపైఁ బడెను.

ఆ భార మెట్టిదో ‘ఎవ్రీ టైమ్ వుయ్ సే గుడ్‌బై’ (1944) అను వియోగగీతమునఁ దెలియును. దీని యారంభమున నొకేస్వరము మరల మరల వచ్చును. గాయకుఁ డా స్వరమును మాటల మార్పుచే రక్తి కట్టింపఁగలఁడు. పియానోధ్వనియన్ననో మీటినక్షణమునుండియే క్షీణించును. మాట దానికిఁ దోడురాదు. అయినను గీతము నీరసము గాదు. స్వరము కదలకున్నను దాని క్రిందఁ గార్డులు కదలుచుండును. మేజరునుండి మైనరునకుఁ గలుగు మార్పును మాటలు పేర్కొను చోటనే కార్డునందలి నడిమిస్వర మరమెట్టు దిగి యా మార్పును సాక్షాత్కరింపఁజేయును. మాట లెఱుఁగని శ్రోతకును విషాదచ్ఛాయ యందును. ‘నైట్ అండ్ డే’ (1932) పల్లవియు నిట్టి యేకస్వరావృత్తితోనే మొదలగును.

‘ఇట్స్ డి-లవ్‌లీ’ (1936) తీరు వేఱు. దాని జీవము ఒకే యక్షరముతో మొదలగు పదముల చమత్కారమునం దున్నది. మాటలు పోఁగా మిగులునది యుల్లాసకరమైన నడకమాత్రమే. ఆర్ట్ టాటము ప్రభావమున నలవడిన హస్తవేగ మెంత యద్భుతమైనను బదచమత్కారమునకు బదులు గాఁజాలదు. పీటర్సను వాదనమున వేగము మితిమీఱినదను నాక్షేపణ మిట్టిచోట సమంజసము. దానిని సంపుటమంతటికిం జెప్పుట న్యాయము గాదు. ఏలన, రచన లన్నియుఁ గొలఁదినిమిషములలోనే ముగియుటచే మూలగీతపుఁ గట్టడి యెచ్చటను మఱుఁగుపడదు.

కాఁబట్టి పోర్టరునందు శబ్దాలంకారము వాక్కుతోడనే పోవుననియు, స్వరమునం దిమిడించిన భావము వాక్కు లేకయు నిలుచుననియు నీ ముద్రికలవలన నేర్పడుచున్నది. పదచమత్కారిగా మాత్రమే పోర్టరును బ్రశంసించువారు వీనిని వినుట యవసరము.