గంటకు ఆరు వందల ఊపిరులు

అండమాన్ రాజధానిలో, డెలానీపూర్‌లోని మా ఇంటి నుంచి జీబీ పంత్ ఆసుపత్రికి ఆటోలో పోతే ఎంతోసేపు పట్టదు. అదే దక్షిణాన దూరపు దీవిలోని క్యాంప్‌బెల్ బేలో ఉన్నవాళ్లకు ఆ ఆసుపత్రి 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం, నడుమ అంతా సముద్రమే. రాత్రయినా, ముసురు పట్టినా రోగిని తీసుకెళ్లే హెలికాప్టర్ రావడం కష్టం. డాక్టరు లేని దీవుల్లో అది వచ్చేదాకా ప్రాణం నిలబెట్టాల్సింది సబ్‌సెంటర్‌లో ఉన్న సిస్టరే.

నేనూ ఒకప్పుడు అలాంటి సిస్టర్‌నే. ట్రైనింగులో, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగును బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కించి, "సరే, తర్వాతివాళ్లు రండి" అన్నారు. ఆ రెండు నిమిషాల విద్యతోనే ఓడెక్కాను.

ఒక సాయంత్రం పాము కరిచిన కుర్రాడిని మోసుకొచ్చారు. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. మన దేశంలో దొరికే విషం విరుగుడు మందును మెయిన్‌లాండ్‌లో తిరిగే నాలుగు రకాల పాముల విషంతో తయారు చేస్తారు. అండమాన్ నాగు, అండమాన్ కట్లపాము వేరే జాతులు. మందు ఎక్కించాను గానీ, దాని మీదే భారం వేయలేను. ఊపిరి ఆగకుండా చూడాలి. ఆరు సెకన్లకు ఒకటి చొప్పున గంటకు 600 సార్లు బ్యాగు నొక్కాలి. అరగంటకే బొటనవేలు తిమ్మిరెక్కింది, మాస్కు జారి గాలి పక్కకు పోతోంది. కుర్రాడి మేనమామకు దవడ ఎలా ఎత్తి పట్టాలో అక్కడికక్కడే నేర్పాను. తెల్లారేదాకా ఇద్దరం వంతులేసుకున్నాం. కుర్రాడు బతికాడు. కానీ ఆ రాత్రి నేను నేర్చుకున్నది నాకు ముందే నేర్పి ఉండాల్సింది.

మా సిస్టర్లలో ధైర్యానికి కొదవ లేదు. 2004 సునామీ వచ్చినప్పుడు లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో శాంతి తెరెసా లక్రా అనే ఏఎన్ఎం అక్కడి ఓంగీ గిరిజనులను వదిలి రాలేదు, వాళ్లతోపాటు అడవిలోనే ఉండి వైద్యం చేసింది. 2011లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండుతుంది. అయితే అలాంటి ధైర్యం ఉంటే చాలని, శిక్షణ తగ్గించడం తప్పు. పిలిస్తే డాక్టరు పలికే పట్నంలో రెండు నిమిషాల విద్యతో నెట్టుకు రావచ్చేమో. పలికేవాళ్లే లేని దీవికి వెళ్లే మనిషికి అంతకంటే పెద్ద చదువు కావాలి. వెళ్లే ముందు క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీలు వేయాలి. ఏటా కొన్నాళ్లు వెనక్కి పిలిచి మళ్లీ చేయి తిప్పించాలి.

మీ ఇంటి అమ్మాయికి దూరపు దీవిలో పోస్టింగు వస్తే, ఓడెక్కే ముందు ఆ బ్యాగును పూర్తిగా ఒక గంట పట్టించమని పైవాళ్లను అడగండి.