మాండవ్యుని మర్యాద: బాల్యం, దోషం, దండన

ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం విదురుడి పుట్టుకకు కారణం చెప్పే కథగానే ప్రసిద్ధం. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలతో పాటు రాజు శూలారోపణ చేయించడం, ముని యమధర్మరాజును నిలదీసి శపించడం, విదురుడు జన్మించడం అందరికీ తెలిసిన వరుస. శాపంతో పాటు వెలువడిన ఒక చిన్న శాసనం ఈ కథనవేగంలో మరుగున పడుతుంది. పద్నాలుగేళ్ళు దాటేవరకు చేసిన పని పాపం కాదని మాండవ్యుడు విధించిన మర్యాద అది. నేరబాధ్యతకు కనీస వయస్సు ఎంత ఉండాలన్న చర్చకు ఈ ఘట్టం ఉపకరిస్తుంది. అయితే దీన్ని ప్రాచీన బాలన్యాయ చట్టమని కీర్తించి ఊరుకుంటే కథలోని అసలు చిక్కు కనబడదు.

ముని తన చేతను కాదనడు. చిన్ననాడు తూనీగలను పుల్లలకు గుచ్చిన దాని ఫలమే ఈ శూలమని ధర్ముడు చెప్పినప్పుడు, సంస్కృత మూలంలో అతని మొదటి ఆక్షేపణ వయస్సును గురించి కాదు, అల్పాపరాధానికి అధిక దండన విధించడాన్ని గురించి. వయోనియమం ఆ తరువాతిది. విచారణ లేకుండా శూలం వేయించిన రాజుకు మాత్రం క్షమ సులభంగానే దొరుకుతుంది.

నన్నయ అనువాదంలో ఈ నియమం మరో మలుపు తిరిగింది. మూలశ్లోకం ఆ వయస్సు దాటాక చేసినది దోషమవుతుందని ముగుస్తుంది. నన్నయ వచనంలో ఆ చోట బాలుడికి ఇతరులు కీడు చేస్తే పాపమన్న అర్థం వస్తుంది. ‘పరేణ’ అన్న పదాన్ని ‘ఆపైన’ అని కాక ‘ఇతరులచేత’ అని గ్రహించడం ఇందుకు కారణం కావచ్చు. ఆయన చూసిన ప్రతిలో పాఠమే వేరై ఉండనూ వచ్చు. కారణమేదైనా, మూలంలో పాపానికి గీసిన హద్దు తెలుగులో పెద్దల మీద మోపిన బాధ్యత అయింది.

నేటి చట్టం ప్రశ్నించేది బాలుణ్ణే. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేళ్ళలోపు పిల్లల చేతను నేరంగా ఎంచలేదు. ఏడు, పన్నెండేళ్ళ మధ్య వారికి తగిన గ్రహణశక్తి ఉన్నదా అని చూడమన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో అవే హద్దులను నిలిపింది. 2015 నాటి బాలన్యాయ చట్టం, ఘోరనేరారోపణ ఉన్న పదహారేళ్ళు నిండిన వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని మదింపు చేయమంటుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సమితి 2019లో సూచించిన కనీస వయస్సు 14 ఏళ్ళు కావడం యాదృచ్ఛికమే. పోల్చవలసింది అంకెను కాదు. ఉపాఖ్యానంలో మదింపుకు నిలబడింది దండన విధించిన ధర్ముడు. నియమం చేసింది దండన అనుభవించినవాడు.

అయినా ఆ నియమం తన కథనే కాపాడలేకపోయింది. ధర్ముడికి మాండవ్యుడు విధించిన దండన శూద్రయోనిలో జన్మం. అంటే ఒక పుట్టుకనే అతడు శిక్షగా లెక్కించాడు. పద్నాలుగేళ్ళలోపు వారికి పాపం అంటదన్న నోటితోనే, ఇంకా పుట్టని శిశువుకు వేరొక జన్మలోని దోషం అంటగట్టాడు. బాల్యంలో ఏ తప్పూ చేయని విదురుడు ఆ పుట్టుక కారణంగానే రాజ్యార్హత కోల్పోయాడు. ఆ దండనకు ఏ వయస్సులోనూ గడువు లేదు.