వేలికొక స్వరం: యమహా సీఎస్-80

పాత సింథసైజర్ల గురించి మాట్లాడేవాళ్ళ నోట మొదట వచ్చే మాట ‘వెచ్చదనం’. అనలాగ్ అంటే వెచ్చన, డిజిటల్ అంటే చల్లన. నాకీ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. యమహా సీఎస్-80ని జనం ఇప్పటికీ తలుచుకోవడానికి కారణం అదే అయితే, వెచ్చటి యంత్రాలు ఇంకా చాలానే ఉన్నాయి.

1977లో వచ్చిందిది. బరువు దాదాపు 100 కిలోలు. ఒకేసారి 8 స్వరాలు పలుకుతుంది. ఒక్కో స్వరం వెనకా రెండు ఆసిలేటర్లు, వాటికి విడివిడిగా ఫిల్టర్లు. గది వేడెక్కితే ఇవి శ్రుతి తప్పుతాయి. అభిమానులు దాన్నే ‘ప్రాణం’ అంటారు. జంట నాదస్వరాల్లోలాగా, ఆ కాస్త తేడా వల్ల ధ్వని చిక్కబడే మాట నిజమే. కానీ కచేరీ మధ్యలో శ్రుతి పోతే ప్రాణం అని సరిపెట్టుకోలేం కదా! ఇక మనం కట్టుకున్న ధ్వనుల్ని దాచుకోవాలంటే, ఒక మూత కింద బుల్లిబుల్లి మీటలు నాలుగు వరసలుంటాయి. పైనున్న ప్యానెల్‌కి అవి లక్కపిడతల్లాంటి నకళ్ళు. నాలుగే ధ్వనులు. ముద్దొస్తుంది గానీ, సౌకర్యం మాత్రం కాదు.

అసలు సంగతి వేళ్ళ దగ్గరుంది. పియానోలో సుత్తి తీగని కొట్టేశాక ఆ స్వరం పెరగమన్నా పెరగదు. హార్మోనియంలో గాలి పెంచితే నొక్కిన మెట్లన్నీ కలిసి పెరుగుతాయి. సీఎస్-80లో అలా కాదు. నొక్కి ఉంచిన మెట్టు మీద ఇంకాస్త ఒత్తితే ఆ ఒక్క స్వరమే ఉబ్బుతుంది, వణుకుతుంది, పక్కవి కదలవు. నాలుగు స్వరాలు కలిసి మోగుతుంటే మధ్యలో ఒకదాన్ని మాత్రం గొంతెత్తమని అడగొచ్చు.

మెట్ల పైన ఒక పొడవాటి పట్టీ కూడా ఉంది. వేలు ఎక్కడ పెడితే అక్కడే మొదలు. జరిపితే శ్రుతి జారుతుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది. గమకం పలకదన్నది అప్పటి ప్రధానమైన ఆరోపణల్లో ఒకటి. ఆ చెవితో వింటే ఈ పట్టీ విలువ మనకి ఇట్టే తెలుస్తుంది. అయితే పట్టీ స్వరాలన్నిటినీ కలిపే జరుపుతుంది. దీన్ని వీణ అనుకోకూడదు.

1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ మొదట్లో రాత్రిపూట నగరం కనిపిస్తుంటే వాంగెలిస్ వాయించింది వినండి. స్వరాలు చాలా కొద్ది. ఒక్కోటీ సన్నగా మొదలై, ఒళ్ళు విరుచుకుని, వణుకుతూ వాలిపోతుంది. స్వరలిపితో పని పెట్టుకోని మనిషి ఆయన. కాగితం మీద రాయలేనిదంతా వేలి ఒత్తిడిలో రాశాడు. ఆ సినిమాలోని దిగులు నాకు కథలో కంటే ఆ వణుకులోనే ఎక్కువ దొరికింది.

1983లో అదే కంపెనీ డీఎక్స్7 తెచ్చింది. తేలిక, చవక, శ్రుతి తప్పదు. ఒత్తిడిని అదీ గుర్తిస్తుంది, కానీ అన్ని మెట్లకీ కలిపి ఒకటే లెక్క. దశాబ్దాల పాటు చాలా కీబోర్డులు ఆ దారే పట్టాయి. ఇప్పుడు సీఎస్-80 ధ్వనిని అనుకరించే సాఫ్ట్‌వేర్లు బోలెడు. మామూలు కీబోర్డు మీద వాయిస్తే వాటిలో గొంతు అదే వినిపిస్తుంది, ఉచ్చారణ రాదు. 2019లో వచ్చిన హైడ్రాసింత్ డిజిటల్‌దే, కానీ వేలికొక స్వరం అన్న పద్ధతి అందులో మళ్ళీ ఉంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే, నేను పాత సర్క్యూట్లను వదిలేసి ఆ మెట్లనే అడుగుతాను.