తూకము తప్పని తూటా

చేతిలో పెద్ద తుపాకి ఉన్నచో గురి కొంచెము తప్పినను మృగము పడిపోవునన్న నమ్మకము వేటగాండ్రలో నేటికిని చావలేదు. కాట్పాడికిని గుడియాత్తమునకును నడుమనున్న మా లత్తేరి పరిసర గ్రామములలో, అడవిపందుల నుండి వేరుసెనగ చేలను కాచుకొనుటకై ఒకప్పుడు నాటుతుపాకులు పట్టిన పెద్దలు, మందు దండిగా దట్టించినచో పని తానే అగునని చెప్పుచుండగా బాల్యమునుండి వింటిని. ఈ నమ్మకము తప్పనియు, గుండు పెద్దదైనకొలది తూకము, ఓర్పు, బాధ్యత మరింత పెరుగవలయుననియు చెప్పుటకే ఈ వారము కలము పట్టితిని.

గుండు వేగమును కొలుచుట లోకమునకు నేర్పిన శాస్త్రజ్ఞుడు మన తీరముననే కన్నుమూసెనన్న సంగతి మనలో పెక్కుమంది యెరుగరు. బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితవేత్త, 1742లో ప్రకటించిన 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ' అను గ్రంథమున, వ్రేలాడదీసిన బరువైన దిమ్మెలోనికి గుండును పేల్చి, ఆ దిమ్మె వెనుకకు ఎంత ఊగెనో చూచి, దానినిబట్టి గుండు వేగమును గణించు ఉపాయమును వివరించెను. ఆ గ్రంథమును మహాగణితజ్ఞుడైన ఆయిలర్ 1745లో జర్మను భాషలోనికి తెచ్చి, దానికి విపులమైన వ్యాఖ్యను వ్రాసెను. అటుపిమ్మట ఈస్టిండియా కంపెనీ కోటలను చక్కబరచుటకై మన దేశమునకు వచ్చిన రాబిన్స్, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. అంతవరకు ఊహగా ఉండిన వేగము ఆయన చేతిలో లెక్కగా మారినది. తూటాను స్వహస్తములతో కూర్చుకొను నేటి సాధకుడు చేయు పనియంతయు ఆ లెక్కమీదనే నిలిచియున్నది.

ఆ సాధనను నేను కన్నులార చూచినది టెక్సాసులో స్థిరపడిన మా మేనల్లుని యింట. మన దేశములో లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట ఆయుధచట్టరీత్యా నేరము. అక్కడ అది పెక్కుమంది గృహస్థులకు అలవాటైన విద్య. చిన్ననాడు కెన్నెత్ ఆండర్సన్ వేటకథలు చదివి, చిత్తూరు సీమలోని మామండూరు, భాకరాపేట అడవులను మనస్సులో నిలుపుకొన్నవాడగుటచే, అతడు ఆండర్సన్ వాడినట్టి 1895 మోడలు వించెస్టరు రైఫిలునే, .405 కాలిబరులో, ఏరి కొనుక్కొనెను. 1904లో పుట్టిన ఆ తూటా 300 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2200 అడుగుల వేగముతో పంపును. అమెరికా అధ్యక్షపదవి వీడిన థియొడోర్ రూజ్వెల్టు 1909లో అట్టి రైఫిలునే ఆఫ్రికాకు తీసికొనిపోయెను. గ్రెయిను అనగా సుమారు 65 మిల్లీగ్రాములు. కంసాలి త్రాసులోని గురివింద గింజలో రమారమి సగము. ఇంతటి భారీ తుపాకి మంచిచెడ్డలు అంతటి సూక్ష్మమైన తూకముపై ఆధారపడుట నన్ను మొట్టమొదట ఆశ్చర్యపరచిన విషయము.

తూటాను అతడు కూర్చు విధమిది: ఒకే తయారీకి చెందిన ఇత్తడి కేసులను ఏరి, శుభ్రపరచి, అచ్చులో నొక్కి తొలి కొలతకు తెచ్చి, కాల్పులలో సాగిన మూతిని సమముగా కత్తిరించి, మందును రగిలించు ప్రైమరు అమర్చి, మందు తూచి పోసి, గుండును నిర్ణీతమైన లోతున కూర్చి, తుదకు కేసు మూతిని గుండుచుట్టు గట్టిగా బిగించుటతో ఒక తూటా ముగియును. ఈ బిగింపు పెద్ద తుపాకులకు ప్రాణము వంటిది. ఏలయనగా ఒక తూటా పేలినపుడు పుట్టు వెనుకపోటుకు మ్యాగజీనులోని తక్కిన తూటాల గుండ్లు కదలి లోనికి దిగిపోవచ్చును. గుండు దిగినచో లోపలి చోటు తగ్గును, పీడనము పెరుగును, గురి చెడును.

మందు పరిమాణమును అతడు ఊహతో నిర్ణయింపడు. మందును, గుండును తయారుచేయువారు ప్రకటించిన పట్టికలోని కనిష్ఠమునుండి మొదలిడి, స్వల్పస్వల్పముగా పెంచుచు, ప్రతి మెట్టునను కొన్ని తూటాలు కాల్చి, వేగమును కొలుచు క్రోనోగ్రాఫు చూపిన అంకెను, నూరు గజముల దూరమున కాగితముపై పడిన రంధ్రముల ఎడమును పుస్తకములో వ్రాసికొనును. ప్రైమరు చదునై కనబడినను, కేసు బయటికి వచ్చుట కష్టమైనను, అక్కడితో ఆగి వెనుకకు వచ్చును; పట్టికలోని గరిష్ఠమును ఏనాడును దాటడు. ఇంకను వేగము సాధింపవచ్చును గదా యని నేనడిగితిని. "వేగము ఎక్కువైతే ఏం లాభం మామా, అన్నీ ఒకే వేగంతో పోవాలి గాని" అని అతడిచ్చిన సమాధానమున ఈ విద్యాసారమంతయు ఇమిడియున్నది. ఒక తూటాకును మరియొక తూటాకును వేగములో భేదము తగ్గినకొలది గుండ్లు దగ్గరగా పడును. ఆ సామ్యము నిచ్చు మందు పరిమాణము తరచుగా గరిష్ఠమునకు కొంత క్రిందనే దొరకును. ఐదు గుండ్లు చక్కగా కూడిన కాగితముకంటెను, చల్లని గొట్టమునుండి వెలువడిన మొదటి గుండు ఎక్కడ పడెనన్న సంగతికే అతడు ఎక్కువ విలువ నిచ్చును. అడవిలో రెండవ గుండునకు అవకాశము దొరకునన్న హామీ ఎవ్వరును ఈయజాలరు గనుక.

రెండు గొట్టముల పెద్ద రైఫిళ్ల విషయమున ఈ సామ్యము మరింత కఠినమైనది. వానిని చేసిన ఆంగ్లేయ శిల్పులు, నిర్ణీతమైన ఒక్క తూటాను పదేపదే కాల్చి చూచి, గొట్టముల కూడికను సవరించి సవరించి, రెండు గుండ్లును ఒక్కచోట పడునట్లు అతికెడివారు. వేగము మారినచో ఆ రెండు గుండ్లును చెరియొక దారి పట్టును. అట్టి పాత రైఫిళ్ల విశాలమైన కేసులలో నేటి మందు అడుగుననే మిగిలి పైన ఖాళీ ఏర్పడినపుడు, మందు ఒకసారి ముందుకును ఒకసారి వెనుకకును జారి మంట మారకుండుటకై, కొందరు పైన కొంచెము బూరుగుదూదిని పెట్టుదురు. అయినను పరీక్షించి నిర్ణయించిన కూర్పులలోనే తప్ప అదియు క్షేమకరము కాదు.

మన సీమలో ఈ చిక్కునకు ఎండ తోడగును. నీలగిరులలోని అరువంకాడున 1903లో నెలకొల్పిన కర్మాగారమున తయారైన కార్డైటు మందు, వేడికి పీడనము పెరుగు స్వభావము కలది. అందుచేతనే ఆంగ్లేయ తయారీదారులు ఉష్ణదేశములకు పంపు పెద్ద తూటాలలో మందును తగ్గించి కూర్చెడివారు. చల్లని ఉదయమున పరీక్షించిన కూర్పు కత్తిరి ఎండలలో వేలూరి రాతిబండపై కొంతసేపు ఉంచినచో మునుపటి కూర్పు కాదు. ఎండను లెక్కలోనికి తీసికొనని తూకము సగము తూకమే.

ఇంత శ్రమ దేనికని అడుగువారికి చంపావత్ పులి కథ చాలును. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన ఆ ఆడపులి 436 మంది ప్రాణములు తీసెనని లెక్క. చచ్చిన పిమ్మట దాని నోరు చూడగా, కుడివైపున పై కోర సగమును, క్రింది కోర ఎముకవరకును విరిగియుండెను. అది పాత తుపాకిగాయమనియు, సహజమైన ఆహారమును వేటాడలేకపోవుటచేతనే అది మనుష్యులను తిన మొదలిడెననియు కార్బెట్ వ్రాసెను. ఆ గుండు పేల్చినవాడెవడో, అతడెట్లు గురి చూచెనో లోకమెరుగదు. అతని ఒక్క గురి తప్పినందుకు ఎన్నెన్నో పల్లెలు మూల్యము చెల్లించినవి. కౌండిన్య అభయారణ్యమునుండి ఏనుగులు దిగివచ్చు గుడియాత్తము, పేరణాంబట్టు పొలిమేరలలో నివసించు మనము ఈ మాటను ఇతరులకంటె శ్రద్ధగా వినవలసియున్నది; గాయపడి తిరుగు ఏనుగు గాయపడని ఏనుగుకంటె ఎంతో ప్రమాదకరమైనది.

మందుతో చెలగాటము మనుష్యులకేమి చేయునో మా ఊరికి వేరుగా చెప్పనక్కరలేదు. 2021 ఏప్రిలులో లత్తేరిలోని బాణసంచా దుకాణమున రేగిన మంటలు ఇద్దరు పిల్లలతో కూడ మూడు ప్రాణములను బలిగొన్నవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన వినోదవేట మన దేశమున ముగిసినది. అది ముగియుటయే మేలు. కాని ప్రమాదకరమైన మృగమును ప్రభుత్వపు అనుమతితో తుద ముట్టింపవలసిన ఘట్టములు ఇంకను వచ్చుచునే యున్నవి. అట్టి ఘట్టమున తుపాకి ఎత్తువాడు ఆ తుపాకిని ఆ తూటాలతోనే, ఆ ఎండలోనే ముందుగా పరీక్షించి, ఫలితమును కాగితముపై చూపగలవాడై యుండవలెను; అనుమతి నిచ్చు అధికారులు ఆ కాగితమును అడిగి చూడవలెను. ఇక పొలము గట్టున నాటుతుపాకిని దాచుకొన్న రైతుసోదరులకు నా విన్నపము ఒక్కటే: గుప్పెటతో మందు పోసి, ఇనుపముక్కలు దట్టించి చీకటిలో పేల్చు తుపాకి పంటను కాపాడదు, అది గాయపడిన మృగమును మన గుమ్మములోనికి తెచ్చును. దానిని పోలీసుస్టేషనులో అప్పగించి, పంటనష్టమునకు పరిహారమును అటవీశాఖనుండి హక్కుగా అడుగుడు.