ఒక అంకె, రెండు భాషలు

కెనడాలో ఒక గ్రంథాలయం మేపుల్ సిరప్ మీద ఫ్రెంచి పుస్తకమొకటి స్కాన్ చేసి పెట్టిందనుకోండి. అట్ట మీదా లోపలా ఎక్కడా ఇంగ్లీషు ముక్క లేదు. అయినా సబ్జెక్టు దగ్గర ఇంగ్లీషులో ‘మేపుల్ సిరప్’ అని కొడితే ఆ పుస్తకం వచ్చేస్తుంది. ఆ ఘనత కేటలాగు రాసినవాళ్లది.

కేటలాగులో ఆ పుస్తకం రికార్డు విప్పి చూడండి. 650 అనే సంఖ్యతో మొదలయ్యే వరుసలు రెండుంటాయి. ఒకదాంట్లో ‘మేపుల్ సిరప్’, రెండోదాంట్లో ‘సిరో దెరాబ్ల్’. 650 అంటే విషయ శీర్షిక. ఆ వెనకే ఉండే బుల్లి అంకెలోనే ఉంది పనితనమంతా. అది 0 అయితే ఆ మాట అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలోది, 5 అయితే కెనడా ఇంగ్లీషు జాబితాలోది, 6 అయితే క్యుబెక్‌లోని లవాల్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫ్రెంచి జాబితాలోది. ఇంగ్లీషు పాఠకుడికి ఏ వరుస చూపాలో, ఫ్రెంచి పాఠకుడికి ఏది చూపాలో కంప్యూటరుకు ఆ అంకె చాలు. ఇంత పొదుపైన ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

లవాల్ వాళ్లు 1946లో ఈ పనికి దిగారు. అమెరికా జాబితాను ఫ్రెంచిలోకి తెస్తూ, ఇంగ్లీషు శీర్షికను పక్కనే జత కట్టి ఉంచారు. ఆ జాబితాను ఆధారం చేసుకునే 1980లో ఫ్రాన్స్ తన ‘రామో’ జాబితాను మొదలుపెట్టింది. నదుల సంగతి లవాల్ వాళ్లెలా తేల్చారో చూడండి. ఫ్రెంచిలో సముద్రంలో కలిసే నదికి ఒక పేరు, మరో నదిలో కలిసేదానికి ఇంకో పేరు. ఇంగ్లీషు ‘రివర్స్’కు జతగా ఏ ఒక్కటి పెట్టినా కొన్ని పుస్తకాలు బయటే ఉండిపోతాయి. అందుకని రెండూ ఇమిడేలా ‘నీటి ప్రవాహాలు’ అనే అర్థమున్న మాటను శీర్షిక చేశారు. నిఘంటువు చేతిలో ఉంటే సరిపోయే పని కాదిది, అరలో ఏ పుస్తకాలున్నాయో కూడా తెలిసుండాలి.

ఒకసారి కుదిర్చితే అయిపోయే పనీ కాదు. వంటల పుస్తకాలకు ఏళ్ల తరబడి వాడిన ‘కుకరీ’ని 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘కుకింగ్’గా మార్చింది. ఫ్రెంచి ‘క్విజీన్’ను కదపక్కర్లేదు గానీ, దాని జతలో ఇంగ్లీషు పేరు మార్చాల్సిందే. ఇటువంటి చాకిరీ పాఠకుడి కంట పడదు.

ఇక మన తెలుగు సంగతికొస్తే, స్కాన్ పుస్తకాల్లో చాలావాటికి పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, అదీ తలా ఒక స్పెల్లింగు. సబ్జెక్టు దాకా వెళ్లడం తర్వాతి మాట.

కెనడా వాళ్ల ఈ జతల ఏర్పాటుకీ ఒక హద్దుంది. జతలెంత చక్కగా కుదిరినా, పుస్తకం తిరగేసి శీర్షిక ఎంచేది మనిషే. చెరువుల పుస్తకానికి ఉత్త ‘వ్యవసాయం’ అని రాసి ఊరుకుంటే చెరువుల కోసం వెతికేవాళ్లకు అది రెండు భాషల్లోనూ దొరకదు.