ముద్దాయి సమక్షం: ‘మాయ’, ‘తాకట్టులో భారతదేశం’ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సాక్ష్యం ముద్దాయి సమక్షంలో నమోదు కావాలన్నది నేరవిచారణలో మౌలిక సూత్రం. కోర్టు ఎదుట ఉండటమూ, మాట వినిపించటమూ ఒకటేనా అన్న ప్రశ్నతో రావిశాస్త్రి ‘మాయ’ కథను, తరిమెల నాగిరెడ్డి ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ముద్దాయి, సమక్షం, వాంగ్మూలం, రావిశాస్త్రి, నాగిరెడ్డి.

1. ఉపోద్ఘాతం:
మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, చర్లపల్లిలో కేంద్ర కారాగారం ఉన్నాయి. చట్టాన్ని చదివేవారికీ, దానిని అనుభవించేవారికీ మధ్య ఉన్నది కొద్ది మైళ్ల దూరమే. ఆ రెండింటినీ కలిపే పదం ‘సమక్షం’. 1973 నాటి నేరవిచారణ స్మృతి 273వ సెక్షన్ ముద్దాయి సమక్షంలో, అతని హాజరును మినహాయించినప్పుడు న్యాయవాది సమక్షంలో, సాక్ష్యం తీసుకోవాలని చెప్పింది. వీడియో ద్వారా కూడా ఈ సమక్షం సిద్ధిస్తుందని 2003లో ప్రఫుల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 308వ సెక్షన్‌లో ఆ భావమే చట్టపాఠమైంది.

2. ‘మాయ’ - రికార్డుకెక్కని మాట:
విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి మద్యనిషేధ కాలాన్ని ‘ఆరు సారా కథలు’లో చిత్రించారు. వాటిలో ‘మాయ’ కథలోని ముత్యాలమ్మ సారా కేసు ముద్దాయి. చట్టం దృష్టిలో ఆమె హాజరుకు లోటేమీ లేదు. కాని పోలీసులు, కోర్టులు నడిచే తీరును ఆమె విప్పి చెప్పేది న్యాయాధికారికి కాదు, తన యువ న్యాయవాదికి. రికార్డులో ఆమె ఒక పేరు మాత్రమే. కథలో ఆమెదే అసలైన సాక్ష్యం. దీనిని కేవలం వ్యంగ్యంగా చదివితే, ఆ మాట ఎక్కడ పలికిందన్న కీలకాంశం మరుగున పడుతుంది.

3. ‘తాకట్టులో భారతదేశం’ - రికార్డుకెక్కిన మాట:
1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసిన నాగిరెడ్డి, హైదరాబాదు కుట్ర కేసులో ముద్దాయిగా కోర్టుకు సమర్పించిన వాంగ్మూలమే ఈ గ్రంథానికి మూలం. ఆయన మరణించిన రెండేళ్లకు, 1978లో అది ఆంగ్లంలో పుస్తకంగా వెలువడింది. సాధారణంగా ముద్దాయి వాంగ్మూలం ఆరోపణకు జవాబు. ఇక్కడ దేశ ఆర్థికవ్యవస్థ మీదనే ముద్దాయి ఆరోపణ మోపాడు. బోను వేదికగా మారింది. అయితే అందుకు చదువు, రాజకీయానుభవం, ఉద్యమబలం తోడయ్యాయి. ముత్యాలమ్మకు ఆ మూడూ లేవు. కాబట్టి సమక్షం చట్టంలో అందరికీ సమానమైనా, ఫలంలో సమానం కాదు.

4. తెరమీది సమక్షం:
ఎస్కార్టు దొరకక వాయిదాలు పడే ఖైదీకి తెర ఉపకరించే మాట నిజమే. తెరమీద ముఖం కనిపిస్తుంది, గొంతు కూడా వినిపిస్తుంది. అయితే సాక్షి అబద్ధమాడుతున్నప్పుడు వకీలు చెవిలో వెంటనే చెప్పవలసిన మాట సంగతేమిటి? ముత్యాలమ్మ వంటివారికి మిగిలినది ఆ చెవి ఒక్కటే. వకీలు కోర్టులోనూ, ముద్దాయి జైలులోనూ ఉన్నప్పుడు వారికి ఏకాంత సంభాషణ కల్పించకపోతే, మిగిలేది హాజరు మాత్రమే.

5. ముగింపు:
నాగిరెడ్డి వాంగ్మూలం సమక్షానికి గల శక్తిని చూపితే, ‘మాయ’ దాని పరిమితిని చూపుతుంది. కోర్టు సాహిత్యాన్ని పరిశీలించేవారు ముద్దాయి ఏమన్నాడన్నదానితోపాటు ఎవరితో, ఎక్కడ అన్నాడన్నది కూడా గమనించాలి. న్యాయవిద్యార్థులు 308వ సెక్షన్ పక్కన ‘మాయ’ను ఉంచి చదివితే, ‘సమక్షం’ అన్న పదానికి చట్టం ఇవ్వని అర్థం దొరుకుతుంది.